చివరి తూముకు నీళ్లు రావాలంటే

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి అదే ఆలోచన. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మన మైనర్ (పిల్లకాలువ) చివరి రైతులంతా కలిసి ఈ ఏడాది కాలువ మాటలకు నిన్ను ముందు పెట్టారంటే సంతోషమే. మీ నాయిన ఉంటే ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు. కానీ నువ్వడిగిన ప్రశ్న రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. "పెద్దనాయినా, కృష్ణలో మనకు 299 టీఎంసీలు ఉన్నాయంటారు కదా, మరి మన తూముకు తడి కూడా ఎందుకు రాదు?" అన్నావు. అది ఫోన్‌లో తెగే ముచ్చట కాదు, అందుకే కాగితం తీసుకున్నా.

టీఎంసీల సంగతి ముందే తొందరగా తేల్చేస్తా. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. కృష్ణా నీళ్లు రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చింది, 1976లో దానికి తుది రూపం వచ్చింది. నూరేళ్లలో డెబ్బై అయిదేళ్లు నమ్మకంగా వచ్చే నీళ్లు 2060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చారు. పొలాల నుంచి తిరిగి ఏట్లో కలిసే నీళ్ల కింద ఇంకో 11 కలిసి 811 అయింది. రాష్ట్రం విడిపోయాక 2015లో ఏపీకి 512, మన తెలంగాణకు 299 అని తాత్కాలికంగా రాసుకున్నారు. ఒక్క ఏడాదికని రాసుకున్న ఆ లెక్కే ఏళ్ల తరబడి సాగింది. అది న్యాయం కాదని మన వాదన. 2023 అక్టోబరులో కేంద్రం రెండు రాష్ట్రాల పంపకం పనిని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. అక్కడ మాట్లాడటానికి పెద్ద పెద్ద వకీళ్లున్నారు. నీకు ఇంతవరకు తెలిస్తే చాలు. హోటల్ దగ్గర టీఎంసీల మీద గంటసేపు వాదించేవాళ్లలో తన మైనర్‌కు ఎన్ని క్యూసెక్కులు (సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు) రావాలో తెలిసినవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు.

ఆ 299 రాష్ట్రం మొత్తానిది. అందులో జూరాల ఉంది, డిండి, మూసీ ఉన్నాయి, చెరువులున్నాయి. హైదరాబాద్ తాగునీళ్లున్నాయి. నేనిక్కడ మీ అన్న ఇంట్లో నల్లా తిప్పితే వచ్చేవి కూడా పుట్టంగండి దగ్గర సాగర్ నుంచి తోడిన నీళ్లే. మూడు దశలు కలిపి 16.5 టీఎంసీలు పట్నానికి వస్తాయి. తాగునీళ్ల తర్వాతే సాగునీళ్లు, దానికి ఎవరూ అడ్డం చెప్పలేరు. ఇక మన ఎడమ కాలువకు బచావత్ లెక్కలో ఉన్నది 132 టీఎంసీలు. అందులో మనది, ఖమ్మం వాళ్లది, ఆ కింద ఆంధ్రా వాళ్లది కూడా ఉంది.

కాగితం మీద ఉన్నదంతా ప్రతి ఏడూ డ్యాంలో ఉండదు కదా. సాగర్ నిండితే 590 అడుగులు. 510కి దిగితే కాలువలకు ఇక అందదు. పేపర్‌లో రోజూ చిన్న అక్షరాల్లో వేస్తారు చూడు, శ్రీశైలం ఇంత, సాగర్ ఇంత, ఇన్‌ఫ్లో ఇంత అని. ఆగస్టు నుంచి ఆ డబ్బా కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించు. 2023లో పైనుంచి వరద రాక ఆ యాసంగికి తాగునీళ్లకు తప్ప కాలువ వదల్లేదు. రోజూ మట్టం చూసేవాళ్లకు అది అక్టోబరులోనే అర్థమైపోయింది. చూడనివాళ్లు డిసెంబరులో నార్లు పోసుకున్నారు.

కృష్ణా నది యాజమాన్య బోర్డు త్రిసభ్య కమిటీలో రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కూర్చుని ఎవరికెంత అని తేలుస్తారు. ఆ తర్వాత స్కివం అనే రాష్ట్ర కమిటీ ఏ ప్రాజెక్టు కింద ఎన్ని ఎకరాలకు ఇవ్వాలో ఖరారు చేస్తుంది. ఆ మాట జిల్లాకు దిగుతుంది, ఇంజనీర్లకు, అంటే ఈఈకి, డీఈకి, ఏఈకి చేరి చివరకు కాలువ కాపలా చూసే మన లష్కర్ చేతిలో తాళంచెవి అవుతుంది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ కింది రెండు మెట్లే. అది కూడా కాలువ వదలకముందే. వరి ఎండిపోతుంటే ఆఫీసు ముందు కూర్చున్న రైతుకు అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు, ఓదార్పు తప్ప. అప్పటికి పైవాళ్లు నాట్లేసి ఉంటారు, వాళ్ల వరి కూడా వరే కదా.

కాబట్టి మే నెల ఆఖర్లో, కాలువ ఎండి ఉన్నప్పుడు, మన తూము నుంచి మైనర్ తల దాకా నడువు. కింది నుంచి పైకి నడవాలి. పైనుంచి దిగితే పైవాళ్ల పొలాలు బాగానే ఉన్నాయనిపించి సగంలో ఇంటికొస్తావు. ఒంటరిగా పోవద్దు. మనవాళ్లు ఇద్దరు, పై రైతుల్లో ఒక్కడు ఉండాలి. ఎక్కడ పూడిక, ఎక్కడ జమ్ము, ఏ షట్టర్ తుప్పుపట్టి కదలదు, ఎక్కడ కట్టకు ఎండ్రకాయలు బొరియలు చేశాయి, ఎక్కడ పైపు కట్ట కింది నుంచి దూర్చారు, అన్నీ రాసుకో, ఫొటో తియ్యి. ఆ కాగితం మీద నడిచిన అందరితో సంతకాలు పెట్టించి ఏఈకి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకో. ముద్రలేని కాగితం ఆఫీసులో చాయ్ గ్లాసు కిందికి పోతుంది.

ఆ పైపుల గురించి ఒక మాట. చూడగానే దొంగలనొద్దు. సాగర్ కాలువలు తవ్వినప్పుడే ఏ సర్వే నంబరు తరికి (వరికి), ఏది ఆరుతడికి (తక్కువ నీళ్ల పంటలకు) అని రాసి పెట్టారు. పైన చాలా భూములు ఆరుతడివే. కానీ కళ్లముందు నీళ్లు పారుతుంటే వరి వేయకుండా ఎవడుంటాడు? నువ్వు పైనుంటే నువ్వూ వేసేదానివి. ఆ మాట వాళ్ల ముందే అను. కోపం సగం దిగుతుంది. తర్వాత ఏఈ దగ్గర ఆ జాబితా ఉంటుంది, అడిగి చూడు. గొంతు పెంచే పని లేకుండా ఆ కాగితమే చాలా మాట్లాడుతుంది.

ఇప్పుడు అసలు పని, కొలత. మైనర్ తల దగ్గర గోడ మీద అడుగులు, అంగుళాలు గీసిన గేజీ ఉంటుంది. అంకెలు చెరిగిపోతే రంగు వేయించు. ఎన్ని అడుగులకు ఎన్ని క్యూసెక్కులో లష్కర్ దగ్గర పట్టిక ఉంటుంది. లేకుంటే మనమే కొలవొచ్చు. కాలువ తిన్నగా ఉన్న చోట కట్ట మీద ముప్పై అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతు. జొన్న బెండు ముక్క ఒకటి పై పుల్ల దగ్గర నీళ్లలో వేసి, కింది పుల్ల చేరేదాకా సెల్‌లో సెకండ్లు చూడు. ఇరవై సెకండ్లు పట్టిందనుకో, నీరు సెకనుకు అడుగున్నర పోతోంది. నీళ్ల వెడల్పు అయిదడుగులు, లోతు రెండడుగులు అయితే అయిదు ఇంటూ రెండు ఇంటూ ఒకటిన్నర, పదిహేను. అడుగున, పక్కల నీరు నెమ్మదిగా పోతుంది గనక నూటికి ఎనభై అయిదు పాళ్లే తీసుకోవాలి. అంటే పన్నెండు, పదమూడు క్యూసెక్కుల మధ్య. మూడుసార్లు బెండు వేసి సగటు తియ్యి, గాలికి ఒకోసారి ఒడ్డుకు తగులుకుంటుంది.

ఒక క్యూసెక్కు పగలూ రాత్రీ పారితే ఎకరంలో దాదాపు రెండడుగుల నీరు నిలుస్తుంది. పన్నెండు క్యూసెక్కులంటే రోజుకు నూట నలభై ఎకరాలకు రెండంగుళాల తడి. మన మైనర్ కింద ఆరు వందల ఎకరాలు. దారిలో ఇంకేది, కారేది పోగా అయిదారు రోజుల్లో ఒక తడి అందరికీ అందాలి. పన్నెండు వస్తూ ఎనిమిదో రోజుకు కూడా మనకు రాలేదంటే లోపం మైనర్ మీదే ఉంది, పైకి పోయి అరిచి లాభం లేదు. తల దగ్గరే ఏడు క్యూసెక్కులు వస్తుంటే మన రైతులతో గొడవ దండగ, అందరూ కలిసి డీఈ దగ్గరికి పోవాలి. ఈ రెండింటికీ తేడా తెలియక మన ఊళ్లో తలకాయలు పగిలాయి బిడ్డా.

నేనేదో పుట్టుకతో ఇవన్నీ నేర్చుకొచ్చానని అనుకోవద్దు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి మొదటి ఎన్నికలు జరిగినప్పుడు నన్ను అధ్యక్షుణ్ని చేశారు. రెండో యాసంగి, చివరి భూముల్లో వరి పొట్టకొచ్చి ఉంది, నావి కూడా మూడెకరాలు. ఒక రాత్రి నలుగురం మైనర్ తల దగ్గరికి పోయాం. షట్టర్ చక్రం తిరగలేదు. కందెన ఎండి రాయిలా అయింది. నేనే గడ్డపార దూర్చి లేపాను. కిర్రుమని రెండు గీతలు లేచింది, నీళ్లు నురగ కక్కుతూ దూకాయి. బీడీలు కాల్చుకొని గెలిచినట్టే ఇంటికొచ్చి పడుకున్నాం. తెల్లవారకముందే కేకలు. మధ్యలో ఎండ్రకాయలు తొలిచిన చోట కట్ట తెగి, ఎడ్లబండి పట్టేంత గండి పడింది. పక్కనే కాయ మీదున్న పల్లి చేను, రెండెకరాలు, బురద కింద. గండి పూడ్చేదాకా అయిదు రోజులు మైనర్ బంద్. నా మూడెకరాలూ తాలు పోయాయి. అధ్యక్షుణ్ని నేనే షట్టర్ లేపితే ఇంకెవరికి చెప్తాను? ఆ పల్లి చేను ఆయన ఇంటికి ఆరు బస్తాల వడ్లు మోసుకుపోతే ఆయన తీసుకోలేదు, ఆయన భార్య మాత్రం లోపల పెట్టించింది. ఎండ్రకాయ బొరియలు రాసుకోమన్నది అందుకే.

ఇప్పుడా సంఘాల పాలకవర్గాల గడువు ముగిసి చాలా ఏళ్లయింది. అయినా రైతులు కూర్చొని వారబందీ (ఎవరి వంతు ఎప్పుడో) రాసుకోవద్దని ఎవరూ అనరు. రాసేటప్పుడు మొదటి వంతు చివరి తూముకు పెట్టమని అడుగు. పైవాళ్లు ఒప్పుకోరు. అప్పుడు ఒక తడి కింది నుంచి, ఒక తడి పైనుంచి అను, దానికి దిగొస్తారు. రాత్రి వంతు అందరికీ సమంగా తిరగాలి. "ఆడపిల్లవు, రాత్రి నీకెందుకు, నీ వంతు మేం చూసుకుంటాంలే" అంటే మొహమాటపడి వదులుకోకు. మనిషిని తోడు తీసుకొని వెళ్లు, వంతు మాత్రం నీ పేరు మీదే ఉండాలి. ఒక్క రాత్రి వదిలితే వచ్చే ఏడు అది ఆనవాయితీ అంటారు.

లష్కర్‌తో మంచిగా ఉండు. ఒక్కడే ఎన్నో కిలోమీటర్లు చూసుకుంటాడు, అందరి తిట్లూ అతనికే. చాయ్ తాగించు, పైసలివ్వకు. నువ్వు వందిస్తే పైవాడు రెండొందలిస్తాడు, ఆ పందెంలో చివరి రైతు ఎప్పుడూ గెలవడు.

ఆ మధ్య అలంపూర్‌లో మీ అత్తమ్మ వాళ్లింటికి పోయినప్పుడు ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ చూశా. తుంగభద్ర మీద ఆనకట్ట, మొదటి నలభై రెండు కిలోమీటర్లు కర్ణాటకలో, ఆ తర్వాత మనవాళ్లవి 87,500 ఎకరాలు. కాగితం మీద 15.9 టీఎంసీల వాటా. ఏళ్లకేళ్లు అందులో సగం కూడా దిగక చివరకు తుమ్మిళ్ల దగ్గర మోటార్లు పెట్టి ఆ కాలువలోకే ఎత్తిపోయాల్సి వచ్చింది. వాళ్లకు పైన వేరే రాష్ట్రం ఉంది. మనకు పైనున్నది మన మేనత్త కొడుకులే. అంతకంటే అదృష్టం ఏముంది చెప్పు?

చెరువును మర్చిపోకు. కాలువ జాలు నీళ్లన్నీ మన చెరువులోకే దిగుతాయి. దసరా అయ్యాక తూము మీద ఎన్ని అడుగులున్నాయో చూసి తైబందీ (ఎన్ని ఎకరాలకు నీళ్లో తేల్చడం) పెట్టించు. పాతకాలంలో ఊరి పెద్దలు, నీళ్లు పంచే నీరడి కట్ట మీద నిలబడి ఈ యాసంగికి ఇన్ని ఎకరాలే అని తేల్చేవాళ్లు. నీళ్లు సగముంటే ఆయకట్టు సగమే, కానీ అందరికీ తలా కొంత. కామందుకైనా ఎక్కువ లేదు. (ఉండేది అనుకో, కానీ కట్ట మీద నలుగురిలో అడగడానికి సిగ్గుపడేవాడు.) చెరువు కింద బావులున్నవాళ్లను ఆరుతడికి ఒప్పించు. కొత్త బోరు వేస్తామనేవాళ్లకు నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం గుర్తుచెయ్యి. ఊరి తాగునీళ్ల బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు, ఎక్కడ వేసినా అనుమతి తీసుకోవాలి.

నా పాత నోట్‌బుక్ మన ఇంట్లో అటక మీద, వడ్ల గుమ్మి వెనక రేకు డబ్బాలో ఉంది. ఎలుకలు వదిలితే తియ్యి. ప్రతి తూము కింద ఎవరికెన్ని ఎకరాలో అందులో ఉంది, భాగాలు పంచుకున్నాక పేర్లు మారాయి, నువ్వు దిద్దుకోవాలి. కాలువ వదిలిన రోజు పొద్దున ఆరింటికి గేజీ దగ్గరుండి నాకొక ఫొటో పంపు. పోయినసారి పంపిన దాంట్లో నీళ్లు, మబ్బులు, కొంగ అన్నీ ఉన్నాయి, అంకె ఒక్కటే కనబడలేదు.

మీ పెద్దనాయిన