సెకండ్ హ్యాండ్ రివాల్వర్‌ను బాగుచేయలేమని కంపెనీ చెబితే, వాళ్ళిచ్చే కొత్తది తీసుకోవాలా?

మీరు రాసినదాని ప్రకారం, టెక్సస్‌లో ఒక తాకట్టు దుకాణంలో (pawn shop) పాత .357 మాగ్నమ్ (ఎక్కువ శక్తి ఉన్న ఒక గుండు రకం) రివాల్వర్ కొన్నారు. షూటింగ్ రేంజ్‌లో కాల్చినప్పుడు పక్క లేన్‌లో ఉన్నవాళ్ళ చేతుల మీద సీసపు రవ్వలు పడుతున్నాయి. తయారు చేసిన కంపెనీకి పంపితే "దీన్ని బాగుచేయడం కుదరదు, మాకు వదిలేస్తే తగ్గింపు ధరకి కొత్తది ఇస్తాం" అని మెయిల్ పెట్టారు. ఒప్పుకోవాలా అని అడుగుతున్నారు.

ఇంకా ఒప్పుకోకండి. ముందు ఫోన్ చేసి ఒక్క విషయం తేల్చుకోండి: విడిభాగాలు దొరక్క బాగుచేయలేమంటున్నారా, లేక ఫ్రేమే (మిగతా భాగాలన్నీ బిగించే తుపాకీ అసలు శరీరం) దెబ్బతిందా? మెయిల్లో రెండింటికీ దాదాపు ఒకే మాట రాస్తారు. మీ నిర్ణయం మాత్రం పూర్తిగా దాని మీదే ఆధారపడుతుంది.

నాకూ ఇలాగే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. కంపెనీ పేరు రాయను. ఉత్పత్తి ఆపేసి దశాబ్దాలైన డబుల్ యాక్షన్ రివాల్వర్ అది, అంటే ట్రిగ్గర్ లాగితే చాలు, హ్యామర్ (వెనక సుత్తిలా కొట్టే భాగం) తానే లేచి పడే రకం. మీకున్న జబ్బే దానికీ ఉండేది, రవ్వలు ఎగిరేవి. గుళ్ళన్నీ తీసేసి, ఖాళీగా ఉందని మళ్ళీ మళ్ళీ చూసుకుని, గుళ్ళు పెట్టే గదులున్న సిలిండర్ మీద వేలు తేలికగా ఆనించి హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగాను. సిలిండర్ తిరిగి సరైన చోటికి రాగానే కింద నుంచి చిన్న లాచ్ గొళ్ళెంలా గాడిలో పడాలి, ఆ టిక్కుమనే శబ్దం వినిపించాలి. నాలుగు గదులకి బాగానే పడింది. మిగతా రెండింటికి హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చేసినా శబ్దం రాలేదు, సిలిండర్ వెంట్రుకవాసి ముందే ఆగిపోయింది. దీన్నే టైమింగ్ తప్పడం అంటారు. గది, బ్యారెల్ (గొట్టం) ఒకే వరసలో లేనప్పుడు బుల్లెట్ అంచు చెక్కుకుపోతుంది. ఆ చెక్కిన సీసమే పక్కకి చిమ్ముతుంది. కంట్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీరు కూడా, అది ఒకవేళ తిరిగి మీ చేతికి వస్తే, దయచేసి ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు.

టైమింగ్ తప్పడం ఒక్కటే అయితే అది మామూలు అరుగుదల. సిలిండర్‌ను తిప్పే చిన్న ఉక్కు ముక్కని "హ్యాండ్" అంటారు. అది మార్చి, చేత్తో అరగదీసి సరిచేస్తే చాలాసార్లు సరిపోతుంది. అందుకే "కుదరదు" అన్న మెయిల్ చూడగానే నాకు నమ్మబుద్ధి కాలేదు. కస్టమర్ సర్వీసులో ఫోన్ ఎత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ ఆమె ముందు కంప్యూటర్లో ఉన్నది ఆ ఒక్క వాక్యమే. పరీక్ష చేసిన టెక్నీషియన్‌తో మాట్లాడించమని అడిగితే కలిపారు. ఆయన రెండు నిమిషాల్లో విషయం తేల్చేశాడు. హ్యాండ్ దొరుకుతుందట. అసలు సమస్య బ్యారెల్ వెనక మొదట్లో, బుల్లెట్ లోపలికి దిగే ఫోర్సింగ్ కోన్ దగ్గర సన్నని పగులు. ఆ మోడల్‌కి బ్యారెళ్ళు అయిపోయాయి, మళ్ళీ చేయించే ఉద్దేశం లేదు. ఫ్రేమ్ మాత్రం బాగానే ఉందన్నాడు. ఆ కాల్ చేయకపోతే నాకివేవీ తెలిసేవి కావు.

ఈ పగులు పాత .357లలో తెలియని రోగమేమీ కాదు. 1955లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19నే తీసుకోండి. మాగ్నమ్ శక్తికి దాని ఫ్రేమ్ చిన్నది, సిలిండర్ కుదరడం కోసం బ్యారెల్ వెనక భాగంలో అడుగువైపు కొంచెం చదునుగా కోశారు. అక్కడ లోహం పల్చన. 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) తేలికపాటి, వేడి ఎక్కువగా పుట్టించే మాగ్నమ్ గుళ్ళు అదే పనిగా కాలిస్తే సరిగ్గా అక్కడే చీలిక వస్తుందని అమెరికాలో పాత గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) ఎవరినడిగినా చెబుతారు. మీది ఏ కంపెనీదో రాయలేదు, ఏదైనా సరే ఆ చోటు ఒకసారి చూడమనండి.

కంపెనీలు ఎందుకు చేతులెత్తేస్తాయంటారా? అది ప్రతిసారీ సాకు కాదు. కోల్ట్ పైథాన్ 1955 నుంచి 2005 దాకా తయారైంది. 2020లో అదే పేరుతో మళ్ళీ వచ్చింది, కానీ లోపలి యంత్రాంగం మార్చేశారు, కొత్తదాని భాగాలు పాతదానికి పట్టవు. పేరు అదే కదా, భాగం ఎందుకు లేదని గొడవపడి లాభం లేదు. అలాంటివాటికి పాత కోల్ట్‌ల మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన స్వతంత్ర గన్‌స్మిత్‌లు ఉన్నారు.

మరోవైపు, మంచి సేవ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 1973కి ముందు రూగర్ కంపెనీ చేసిన సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగాల్సిన) రివాల్వర్లలో హ్యామర్ కింద గుండు ఉంటే, కింద పడినప్పుడు పేలే ప్రమాదం ఉండేది. ఆ కంపెనీ వాటికి ట్రాన్స్‌ఫర్ బార్ అనే భద్రతా భాగాన్ని ఉచితంగా అమర్చి, తీసేసిన పాత భాగాలను కూడా యజమానికే తిరిగి పంపుతుంది. ఎన్ని చేతులు మారిందన్నది అక్కడ లెక్కలోకి రాదు. పాత వస్తువు పట్ల తయారీదారుకి ఉండాల్సిన బాధ్యత ఇదేనని నా గట్టి అభిప్రాయం.

వారంటీ గురించి కూడా అడిగారు. సెకండ్ హ్యాండ్‌కి ఇది కంపెనీని బట్టి మారుతుంది. కొందరు మొదట కొన్నవారికే ఇస్తారు, కొందరు ఎవరి చేతిలో ఉన్నా చూస్తారు. రాతపూర్వక వారంటీ ఇచ్చి తీరాలని అమెరికా చట్టంలో లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం, ఇస్తే ఎలా ఇవ్వాలో మాత్రమే చెబుతుంది. రూగర్ అయితే తన మాన్యువల్‌లో ఆ చట్టాన్నే ఉదహరించి, అందుకే వారంటీ కార్డు పెట్టడం లేదని రాస్తుంది, అయినా సర్వీసు చేస్తుంది. కాబట్టి మీకిచ్చిన తగ్గింపు ధరను హక్కుగా కాకుండా బేరంగా చూడండి. నేను మర్యాదగా అడిగితే ఇంకొంచెం తగ్గించారు.

ఇప్పుడు మార్పిడి సంగతి. ఒప్పుకుంటే పాతది మళ్ళీ చూడరు. అందుకే నేను ఒప్పుకునే ముందు, పాతదానికున్న వాల్‌నట్ పిడి పలకలు విప్పి పంపమని అడిగాను. ఎవరో పాతికేళ్ళు వాడిన గుర్తుగా బొటనవేలు ఆనే చోట గళ్ళు పూర్తిగా అరిగి నున్నబడ్డాయి, వాటిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. పంపారు. మీ దానికి విడిగా కొన్న గ్రిప్పులు (పిడి పలకలు) గానీ, గురి చూసే సైట్లు గానీ ఉంటే ఇప్పుడే అడగండి, తుక్కు కింద వెళ్ళాక అడిగి ప్రయోజనం ఉండదు. వద్దనుకుంటే ఉన్నదున్నట్టు వెనక్కి పంపమనే హక్కు మీకుంది, తుపాకీ మీది. ఏ సంగతైనా మెయిల్లో రాయించుకోండి.

కొత్తది ఎలా చేరుతుందన్నది చాలామంది పట్టించుకోరు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం రిపేరుకి పంపిన తుపాకీని గానీ, దాని బదులు అదే రకం, అదే తరహాది గానీ కంపెనీ నేరుగా మీ ఇంటికే పంపొచ్చు. వేరే తరహాది అయితే మీ ఊళ్ళో లైసెన్సున్న డీలర్ దగ్గరికి రావాలి, మీరు తుపాకీ కొనేవాళ్ళు నింపే ఫెడరల్ 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరగాలి, డీలర్ రుసుము కట్టాలి. నాకు డీలర్ దగ్గరికే పంపారు. ఆ రుసుము కలిపి చూసుకుంటే తగ్గింపు అంత గొప్పగా కనిపించదు, ముందే లెక్క వేసుకోండి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఇంకా అదనపు నిబంధనలు ఉంటాయి.

మీరు గ్రీన్ కార్డు అని రాశారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇది చదివే మనవాళ్ళలో హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు ఎక్కువ, వాళ్ళ కోసం ఒక మాట. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ గుళ్ళు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా ఇదే నియమం. స్నేహితుడు తన రివాల్వర్‌ను "నీ పేరు మీద రిపేరుకి పంపు" అంటే పంపకండి, ఇమిగ్రేషన్ దాకా వెళ్తుంది.

చివరికి నేను మార్పిడికే ఒప్పుకున్నాను. ఆ మోడల్ పాత బ్యారెల్ వెతికించి, గన్‌స్మిత్‌తో బిగించి, కోన్ మళ్ళీ కోయించి, టైమింగ్ సరిచేయించే ఖర్చు, నేను దాన్ని కొన్న ధరని దాటిపోతోంది. అది మా ఇంటి వస్తువు కాదు, ఎవరి జ్ఞాపకమూ కాదు. అదే ఎవరైనా పెద్దాయన చేతి నుంచి వచ్చినదై, ఫ్రేమ్ బాగుండి ఉంటే, ఖర్చు చూడకుండా వెనక్కి తెప్పించుకునేవాణ్ణి. ఫ్రేమే సాగిపోయినా, పగిలినా మాత్రం రెండో ఆలోచన వద్దు, ఎంత మంచి గన్‌స్మిత్ అయినా దాన్ని కాల్చడానికి పనికొచ్చేలా చేయలేడు. కొత్తది తీసుకోండి.

టెక్నీషియన్ ఏమన్నాడో, మోడల్ ఏమిటో ఇక్కడే రాయండి. బ్యారెల్ ఒక్కటే సమస్య అయితే, మీ చుట్టుపక్కల గన్‌స్మిత్‌ను ఏమేం అడగాలో వివరంగా చెబుతాను.