టెక్ సందేహాలు: స్క్రీన్ రీడర్ చదవని పీడీఎఫ్, అన్నీ చదివేసే యాప్

ప్రశ్న: మా అబ్బాయికి చూపు లేదు. స్కూలువాళ్లు పంపే పీడీఎఫ్ నోట్స్‌ను ఫోన్‌లో ఉన్న స్క్రీన్ రీడర్ చదవట్లేదు. కొన్నింటికి ఏమీ పలకదు, కొన్నింటికి అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు పలుకుతుంది. క్లాసు గ్రూపులో ఎవరో ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్) పెట్టారు. ఏ పీడీఎఫ్‌నైనా చదివిపెడుతుందట. యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆ యాప్‌ను ఆఫ్ చేయండి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆ పేజీ తెరవగానే దానంతటదే మూసుకుపోతుంటే యాప్ మిమ్మల్ని అడ్డుకుంటోందన్నమాట. అప్పుడు ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం ఎక్కించిన యాప్‌లు నడవని స్థితిలో) ఆన్ చేసి తీసేయాలి. అలా కూడా పోకపోతే ఫ్యాక్టరీ రీసెట్ తప్పదు. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, పిన్‌లు మాత్రం వేరే ఫోన్‌ నుంచి మార్చండి.

ఇంత కంగారు ఎందుకో చెప్తాను. స్క్రీన్ రీడర్ పనిచేయాలంటే తెర మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ చదవగలగాలి, వాడేవాళ్ల తరఫున బటన్లు నొక్కగలగాలి. ఫోన్ ఆ రెండు అధికారాలనూ యాక్సెసిబిలిటీ సర్వీస్ పేరుతో ఇస్తుంది. అవే దొంగ యాప్ చేతికి చిక్కితే ఓటీపీ చదువుతుంది, మీరు టైప్ చేసేది గమనిస్తుంది, మిగతా పర్మిషన్లు అడిగినప్పుడు 'అనుమతించు' అని తానే నొక్కుకుంటుంది. బ్యాంకు ఖాతాలు ఖాళీచేసే ఆండ్రాయిడ్ ట్రోజన్లలో (మంచి యాప్‌లా నటించే దొంగ యాప్‌లలో) చాలావాటికి ఇదే ఆయువుపట్టు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి ఫైల్‌ ద్వారా ఎక్కించిన యాప్‌కు ఈ పర్మిషన్ ఇవ్వబోతే 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని ఫోన్ ఆపుతుంది. ఆ అడ్డు ఎలా తీయాలో కూడా ఎవరైనా నేర్పుతుంటే ఇక ఆలోచించకండి, ఆ యాప్ జోలికి పోవద్దు.

నాకు ఇంకా టెన్షన్ పుట్టించే సంగతి ఒకటుంది. 'ఈ యాప్‌కు మీ ఫోన్‌పై పూర్తి నియంత్రణ ఇస్తారా' అన్న హెచ్చరిక చాలామందికి కొత్త. చూసి ఆగుతారు. చూపు లేని పిల్లవాడికి మాత్రం అది పాత మాట. అసలైన స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేసినప్పుడే దాన్ని దాటి వచ్చాడు. ఏ హెచ్చరిక అతన్ని కాపాడాలో అది అతనికి రోజువారీ మాటైపోయింది. పైగా పాఠాలు వినే ఫోనూ ఇంట్లోవాళ్ల బ్యాంకు యాప్ ఉన్న ఫోనూ ఒకటే అయితే నష్టం అతనొక్కడిది కాదు.

ఇక పాఠం సంగతి. ఏమీ పలకని పీడీఎఫ్‌లో అక్షరాలే లేవు. పుస్తకాన్ని ఫొటో తీసి పీడీఎఫ్ చేశారు. దానికి ఓసీఆర్ చేయాలి, అంటే ఫొటోలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో టెక్స్ట్‌గా మార్చాలి. అచ్చు అక్షరాలైతే చాలావరకు వస్తాయి, చేతిరాత నోట్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంగ్లిష్ అక్షరాలు పలికేది ఇంకో రకం. అది పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసింది. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలే. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతుంది. ఒక్కో భాషలోని అక్షరాలకు సొంత సంఖ్యలు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని మొదటి వెర్షన్ 1991లో వచ్చింది, తెలుగు అప్పటి నుంచీ అందులో ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా పిల్లల పాఠాలు ఆ పాత ఫాంట్లలో వస్తున్నాయంటే నాకు కోపం వస్తుంది. మీరు స్కూలును అడగాల్సింది ఒక్కటే: పీడీఎఫ్ కాదు, యూనికోడ్‌లో టైప్ చేసిన అసలు ఫైల్ కావాలని. పంపేముందు టీచర్లు కూడా ఓ వాక్యం కాపీ చేసి మెసేజ్ బాక్సులో పేస్ట్ చేసి చూడొచ్చు. తెలుగు వస్తే సరే. గజిబిజి వస్తే ఆ ఫైల్ మీ అబ్బాయికి ఖాళీ కాగితంతో సమానం.

ప్రశ్న: నేను టీచర్‌ని. నోట్స్ యూనికోడ్‌లోనే టైప్ చేస్తాను, వీడియో పాఠాలకు ఆటోమేటిక్ క్యాప్షన్లు కూడా పెడుతున్నాను. అయినా పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. ఇంకా ఏం చేయాలి?

జవాబు: మీరు సగం దూరం వచ్చేశారు. శీర్షికలను బోల్డ్ చేసి వదిలేయకండి, హెడింగ్ స్టైల్ వాడండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు హెడింగ్ నుంచి హెడింగ్‌కు దూకుతూ వెతుక్కుంటారు. అవి లేకపోతే నలభై పేజీలూ మొదటి నుంచి వినాల్సిందే. గణిత సూత్రాన్ని బొమ్మగా అతికించకండి. వెబ్ పేజీలో మ్యాథ్‌ఎంఎల్‌గా (గణిత సూత్రాలు రాసే కోడ్‌గా) ఉంటే భిన్నంలో పైన ఏముందో కింద ఏముందో వినొచ్చు.

బొమ్మకు వివరణ అంటే 'గుండె పటం' అని రాయడం కాదు. ఆ పటం ద్వారా మీరు ఏం నేర్పాలనుకున్నారో అది రాయాలి: చెడు రక్తం ఏ గదిలోకి వస్తుంది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు ఎలా వెళ్తుంది. క్లాసులో బోర్డు దగ్గర నిలబడి మీరు నోటితో చెప్పే మాటలే అవి.

ఆటోమేటిక్ క్యాప్షన్లను చిత్తుప్రతి అనుకోండి. శాస్త్ర పదాల దగ్గరే అవి ఎక్కువ తప్పుతాయి, వినపడని విద్యార్థికి కావాల్సింది సరిగ్గా ఆ పదాలే. ఒకసారి కూర్చుని దిద్దండి.

మిగతా ఇబ్బందికి కారణం మీరు కాకపోవచ్చు. ఆన్‌లైన్ పరీక్షల యాప్‌ల గురించి నాకు వచ్చే ఫిర్యాదులు అన్నీ ఇన్నీ కావు. అప్‌డేట్ వచ్చిన మర్నాడు బటన్ల మీద పేర్లు పోయి గుర్తులు మాత్రమే మిగులుతాయి. పేరు లేని బటన్ దగ్గర స్క్రీన్ రీడర్ ఏం చెప్పగలదు? 'బటన్, బటన్, బటన్' అంటుంది. అందులో ఏది 'తర్వాతి ప్రశ్న', ఏది 'సబ్మిట్' అన్నది పరీక్ష మధ్యలో పిల్లవాడు ఊహించుకోవాలి. లాగి వదిలే ప్రశ్నలు చేతులు వణికే పిల్లలకు శిక్ష. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ వికలాంగులకూ అందుబాటులో ఉండేందుకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం), లాగకుండా నొక్కి జవాబిచ్చే మార్గం కూడా ఉండాలంటుంది. లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ పేస్ట్ చేయనివ్వకుండా, గుర్తుపెట్టుకోవడం తప్ప వేరే దారి లేకుండా చేయకూడదనీ అంటుంది. కానీ భద్రత పేరుతో పేస్ట్‌ను ఆపేసే యాప్‌లు ఇంకా ఉన్నాయి. కాపీ కొడతారని స్క్రీన్ రీడర్‌నే ఆపేసే పరీక్షల యాప్‌లనైతే నేను అసలు క్షమించలేను. చూపు లేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ ఆపడమంటే ప్రశ్నపత్రం లాక్కోవడమే.

ఇంకో జాగ్రత్త. ఒక లైను కోడ్ పెడితే మీ సైట్ అందరికీ అందుబాటులోకి వచ్చేస్తుందని అమ్మే విడ్జెట్లు ఉన్నాయి. పేరులేని బటన్ అసలు పని ఏమిటో, బొమ్మలో పాఠం ఏమిటో వాటికి తెలియదు. పైగా పిల్లలు లాగిన్ అయ్యే పేజీలో బయటివాళ్ల స్క్రిప్ట్ నడుస్తుంది. ఆ డబ్బుతో స్క్రీన్ రీడర్ వాడే ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, లాగిన్ నుంచి సబ్మిట్ దాకా పరీక్ష రాయించి చూడమని మీ యాజమాన్యానికి చెప్పండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ దిద్దించాలి.

మొదటి ప్రశ్న అడిగినవారికి మరో మాట. ఆ ఏపీకే ఫైల్ వచ్చింది క్లాసు గ్రూపులో కదా. మీరు ఎక్కించకపోయినా ఇంకెవరో ఎక్కించి ఉంటారు. దాన్ని తీసేయమని గ్రూపులో ఇవాళే చెప్పండి. టెక్స్ట్‌గా టైప్ చేయండి, స్క్రీన్‌షాట్ పెట్టొద్దు.