ఎవరి సూది వారే వాడుకుంటున్నా హెపటైటిస్ సి సోకే ప్రమాదం ఉంటుందా?

మీ తమ్ముడు స్నేహితులతో కలిసి హెరాయిన్ ఎక్కించుకుంటున్నాడని, ఎవరి సిరంజి వారిదే కనుక భయం లేదంటున్నాడని రాశారు. దురదృష్టవశాత్తూ భయం ఉంది. ఇంఫాల్‌లో సూదుల పంపిణీ కార్యక్రమంలో కౌన్సెలర్‌గా పనిచేసిన కాలంలో నాకు ఇదే మాట తరచుగా వినిపించేది. సూది పంచుకుంటారా అని అడిగితే లేదనేవారు, అది అబద్ధమూ కాదు. హెరాయిన్ ఎలా కలుపుకుంటారని అడిగినప్పుడే అసలు సంగతి తెలిసేది: తలా కొంత వేసుకుని ఒకే పొట్లం కొంటారు, ఒకే చెంచాలో నీళ్లు పోసి కరిగిస్తారు, ఒకే దూది ముక్క గుండా ఎవరి సిరంజిలోకి వారు లాక్కుంటారు, ఆ తర్వాత సిరంజిలన్నీ ఒకే గ్లాసులో కడుగుతారు. వాటిలో ఒక్కటి అంతకుముందు వాడినదైతే చాలు, అందులో కంటికి కనిపించనంత రక్తం మిగిలి ఉన్నా ఆ చెంచా, దూది, నీళ్ల ద్వారా మిగతావారికి చేరుతుంది. హెచ్‌ఐవీ కంటే హెపటైటిస్ సి ఈ దారిలో సులువుగా సోకుతుంది. సిరంజిలో మిగిలిన రక్తంలో ఆ వైరస్ వారాల తరబడి బతికి ఉండగలదు.

కొత్త సూదులు ఉచితంగా ఇచ్చినా జేబులో పెట్టుకుని తిరగడానికి చాలామంది జంకేవారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇటువంటి పంపిణీకి రక్షణ కల్పిస్తున్న మాట నిజమే కానీ, రాత్రివేళ పోలీసు తనిఖీలో ఆ సెక్షన్ గుర్తుచేసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

మరొక ప్రమాదం మీరు అడగకపోయినా చెప్పాలి. కొంతకాలం మానేసి, డీ-అడిక్షన్ కేంద్రం నుంచో జైలు నుంచో వచ్చినవారు మళ్లీ పాత మోతాదే ఎక్కించుకుంటే శరీరం తట్టుకోలేక శ్వాస ఆగిపోవచ్చు. హెరాయిన్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ అనే మందు సకాలంలో అందితే ప్రాణం నిలుస్తుంది, ఒంటరిగా ఉన్నవారికి ఆ అవకాశమూ ఉండదు.

మీ తమ్ముడిని మందలించే ముందు దగ్గర్లోని ఐసీటీసీకి (ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి) తీసుకెళ్లి హెచ్‌ఐవీ పరీక్ష చేయించండి, హెపటైటిస్ బి, సి పరీక్షల గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసినా దారి చెబుతారు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ సి మందులు ఉచితం, చాలామందికి 12 వారాల మాత్రలతోనే నయమవుతుంది. అయితే ఒకసారి నయమైనవారికి మళ్లీ సోకదన్న హామీ లేదు కనుక, హెరాయిన్‌కు బదులుగా నాలుక కింద పెట్టుకునే బూప్రెనార్ఫిన్ మాత్ర ఇచ్చే ఓఎస్‌టీ (ప్రత్యామ్నాయ చికిత్స) కేంద్రంలో కూడా అదే సమయంలో చేర్పించడం మేలు.