పాత ఫైటింగ్ గేముల్లో అంత రక్తపాతం ఎందుకు నచ్చేది?

రక్తం చూసి ఆనందించేవారా అని అడిగారు. నా అనుభవంలో కాదు. ఎవరికీ తెలియని మర్మం మాకు తెలుసన్న గర్వమే అసలు ఆనందం.

1990ల చివర్లో వేసవి సెలవులకు చెన్నైలో, కోడంబాక్కంలోని పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. అన్నయ్య ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్ నుంచి 'మోర్టల్ కాంబాట్' అనే ఫైటింగ్ గేము మొదటి భాగం, మూడో భాగం తెచ్చాడు. ఒకే కీబోర్డు, మోచేతులు తగులుతుండగా ఇద్దరం ఆడేవాళ్ళం. ఓడినవాడు తూలుతూ నిలబడతాడు. 'ఫినిష్ హిమ్' అని గొంతు వినిపిస్తుంది. ఉన్నది కొన్ని క్షణాలే. తగిన దూరంలో నిలబడి, మీటలు సరైన వరుసలో నొక్కాలి. సబ్‌జీరో అనే యోధుడి వరుసను అన్నయ్య లెక్కల పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రాసుకున్నాడు: 'సబ్‌జీరో: దగ్గరగా. ముందుకు, కిందికి, ముందుకు, పై గుద్దు.' అది పడితే తల వెన్నెముకతో సహా ఊడి చేతిలోకి వచ్చేది. ఒక్క మీట తప్పితే ఉత్త గుద్దే. ఆ క్షణాన గదిలో ఎవరూ ఊపిరి పీల్చేవారు కాదు.

1992లో వచ్చిన ఆ మొదటి భాగాన్ని మరుసటి ఏడాది సెగా కంపెనీ వీడియో గేమ్ యంత్రానికి తెచ్చినప్పుడు రక్తాన్నే ఒక రహస్య మీటల వరుస వెనక దాచారు: ఏ, బి, ఏ, సి, ఏ, బి, బి. నింటెండో యంత్రంలోనైతే రక్తం బదులు బూడిదరంగు చెమట చిందేది. ఆ డిసెంబరులో వీడియో గేముల్లో హింసపై అమెరికా సెనేట్ విచారణ జరిపింది, 1994లో ఆటలకు వయసు రేటింగులు వచ్చాయి. పిల్లల గురించి పెద్దల భయాన్ని నేను తప్పుపట్టను.

కానీ అది నొప్పి తెలిసే హింస కాదు. మూడో భాగంలో మనిషి పేలిపోతే పక్కటెముకల గూళ్ళు నాలుగైదు రాలిపడేవి. ఒకసారి పెద్దమ్మ వెనక నిలబడి చూసి, "ఒక్కడికి ఇన్ని డొక్కలా నాయనా!" అని పడీపడీ నవ్వింది. మా ఊరి వీధి భాగవతంలో నరసింహస్వామి హిరణ్యకశిపుడి పొట్టలోంచి ఎర్రగుడ్డ పేగులు లాగుతుంటే ముందు వరసలోని పిల్లలు కేరింతలు కొట్టేవారు. మాదీ ఆ కేరింతే.

2019లో వచ్చిన పదకొండో భాగం ఆడి చూశాను. చర్మం, కండరం, కళ్ళలో బాధ అన్నీ నిజంలా ఉన్నాయి. రెండు పోటీలయ్యాక ఆపేశాను.