జీతం బెంగళూరు నుంచి, కుర్చీ బ్యాంకాక్‌లో

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 29. బెంగళూరులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. కోవిడ్ నుంచీ ఇంటి నుంచే పని. జూన్ 1న బయల్దేరి ఒక ఏడాది బ్యాంకాక్‌లో ఫ్రెండ్ దగ్గర ఉంటూ ఇదే ఉద్యోగం చేయాలనుంది. మేనేజర్ చాట్‌లో ‘నో ప్రాబ్లమ్’ అన్నారు. వీసా లేకుండానే వెళ్లొచ్చు, జీతం ఇండియాలోనే పడుతుంది, ఇంక టెన్షన్ ఎందుకు అంటోంది ఫ్రెండ్. నిజమేనా? నాన్న పోయి రెండేళ్లయింది. నార్పల దగ్గర ఆయన కొన్న నాలుగెకరాల చీనీ తోట ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అమ్మ, తమ్ముడు ఇక్కడే ఉంటారు. నేను వెళ్తే నా వాటాకు ఇబ్బందా? ఇంకో మాట. మా చిన్నాన్న కొడుక్కి బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తానని కడపలో ఒక ఏజెంటు అంటున్నాడు. టికెట్ కూడా వాళ్లే తీస్తారట. పంపొచ్చా?
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: చూడమ్మా, మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో పొరపాటు ఒక్కచోటే ఉంది కానీ, మిగతా చిక్కులన్నీ అక్కడి నుంచే పుడతాయి. జీతం ఏ బ్యాంకులో పడుతోందో చూసి పని అక్కడ జరుగుతోందనుకుంటున్నారు. మీరు కుర్చీ వేసుకుని కూర్చున్న చోటే పని జరిగినట్టు చట్టం లెక్క. మీ కుర్చీ అనంతపురంలో మేడ మీది గదిలో ఉన్నన్నాళ్లూ ఈ తేడా మీకు కనబడలేదు. అది బ్యాంకాక్ చేరిన రోజు వీసా, పన్ను, కంపెనీ అనుమతి మూడూ ఒకేసారి మారతాయి.

ముందు వీసా. 2024 జూలై 15 నుంచి థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చింది. ఇలాంటి వెసులుబాట్లు ఎప్పుడు పెంచుతారో ఎప్పుడు తగ్గిస్తారో వాళ్లిష్టం. టికెట్ కొనే రోజు ఎంబసీ సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఎన్ని రోజులైనా అది తిరిగి చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం. అక్కడి విదేశీ కార్మిక చట్టంలో ‘పని’ అనే మాటకు అర్థం చాలా వెడల్పు. యజమాని ఉన్నా లేకున్నా వృత్తి చేస్తే పనే. అనుమతి లేకుండా చేసి దొరికితే 5 వేల నుంచి 50 వేల బాత్‌ల (థాయ్ కరెన్సీ) దాకా జరిమానా వేసి, దేశం నుంచి పంపించేస్తారు. కాఫీ షాపులో ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లందరినీ పట్టుకుపోతున్నారా అంటే లేదు. కానీ ‘ఎవరూ అడగరు’ అన్న ధైర్యంతో సంవత్సరం గడపమని నేను సలహా ఇవ్వలేను.

మీలాంటివాళ్ల కోసమే 2024 జూలైలో వాళ్లు డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, పొట్టిగా డీటీవీ, తెచ్చారు. ఐదేళ్లు చెల్లుతుంది. ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. 20 ఏళ్లు నిండాలి. ఖాతాలో కనీసం 5 లక్షల బాత్‌లకు సరిపడా డబ్బు చూపించాలి, అంటే మన లెక్కలో పన్నెండు లక్షల పైమాటే. వేరే దేశపు కంపెనీకి పని చేస్తున్నట్టు కాగితం ఉండాలి. థాయ్‌లాండ్ బయట ఉండగానే అప్లై చేయాలి. 2025 జనవరి నుంచి మన దేశంలో థాయ్ వీసా అంతా ఆన్‌లైనే కాబట్టి దీనికోసం చెన్నై కాన్సులేట్ చుట్టూ తిరిగే పని లేదు. అయితే ఈ వీసా మీద అక్కడి కంపెనీకో, అక్కడి మనిషికో డబ్బులు తీసుకుని పని చేయకూడదు. పక్క ఫ్లాట్ పిల్లలకు ఫీజు తీసుకుని లెక్కలు చెప్పినా తప్పే. గడువు దాటి ఉంటే రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20 వేలు. దాటి ఉండగా పోలీసులకు దొరికితే కొన్నేళ్లపాటు మళ్లీ అడుగు పెట్టనివ్వరు.

ఇప్పుడు మేనేజర్ గారి ‘నో ప్రాబ్లమ్’. ఆయన మంచివారే కావచ్చు, కానీ ఆయన కంపెనీ కాదు. మీ ఆఫర్ లెటర్ తీసి చదవండి. ఇంటి నుంచి పని అని ఉంటుంది, ఏ దేశం నుంచైనా అని ఉండదు. ఉద్యోగి ఇంకో దేశంలో నెలల తరబడి కూర్చుంటే ఆ దేశంలో తమకు వ్యాపారం ఉన్నట్టు అక్కడి పన్నువాళ్లు పట్టుకుంటారేమోనని కంపెనీలకు భయం. చాలామంది క్లయింట్లు తమ డేటాను ఇండియా బయట తెరవకూడదని ఒప్పందంలోనే రాయించుకుంటారు. మీరు బ్యాంకాక్‌లో లాగిన్ అయిన నిమిషంలో సిస్టమ్‌లో ఆ సంగతి నమోదవుతుంది. వీపీఎన్ పెట్టి దాచారనుకోండి, అప్పుడది దుష్ప్రవర్తన. ఉద్యోగం తీసేస్తే మీ తరఫున కోర్టులో వాదించడానికి నాకేమీ మిగలదు. అందుకని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు థాయ్‌లాండ్‌లోని బ్యాంకాక్ నుంచి పని చేయడానికి అనుమతి ఇవ్వగలరు’ అని దేశం, ఊరు, తేదీలు మూడూ ఉండాలి. జవాబు కూడా ఈమెయిల్‌లోనే రావాలి. దాన్ని ప్రింట్ తీసి పెట్టుకోండి, వీసాకూ అదే పనికొస్తుంది. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందా అని కూడా ఆ ఈమెయిల్‌లోనే అడగండి. చాలావరకు చేయదు.

పన్ను దగ్గర కాస్త నిదానంగా చదవండి. మనకు ఏడాది ఏప్రిల్‌తో మొదలవుతుంది, థాయ్‌వాళ్లకు జనవరితో. 2026 ఏప్రిల్ 1 నుంచి మనకు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా రోజుల లెక్క పాతదే. ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే మీరు రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఇక్కడి మనిషి. అంతకు తగ్గినా, 60 రోజులు ఉండి, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఉంటే అప్పుడూ రెసిడెంటే. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే పౌరులకు మాత్రం ఆ 60 బదులు 182 చూస్తారు. మీరు జూన్ 1న ఎక్కితే ఏప్రిల్ 30, మే 31 కలిపి 61 రోజులు. ఒక్క రోజు ఎక్కువ! బెంగళూరు ఉద్యోగాన్నే బ్యాగులో పెట్టుకుని వెళ్లడం ‘ఉద్యోగం కోసం వెళ్లడం’ అవుతుందా కాదా అని అధికారి అడిగితే వాదన రెండు వైపులా ఉంటుంది. జూన్ నుంచి డిసెంబర్ దాకా లెక్కేస్తే థాయ్‌లాండ్‌లో 214 రోజులు. వాళ్ల క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడ పన్ను రెసిడెంట్. అంటే రెండు దేశాలూ మిమ్మల్ని మావాళ్లే అంటాయి. సంబంధం చూసేటప్పుడైతే ముచ్చటే, పన్ను దగ్గర కాదు.

బయటి నుంచి థాయ్‌లాండ్‌కు డబ్బు తెప్పించుకోకపోతే పన్ను పడదని యూట్యూబ్‌లో చెప్తుంటారు. అది అద్దెలు, వడ్డీల్లాంటి విదేశీ ఆదాయానికి. అక్కడే కూర్చుని చేసిన పనికి వచ్చే జీతం, ఎక్కడ చెల్లించినా, థాయ్ చట్టం ప్రకారం అక్కడి ఆదాయమే. కుర్చీ సంగతి మళ్లీ వచ్చింది చూడండి. దీని నుంచి కాపాడేది రెండు దేశాల మధ్య ఉన్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం. అక్కడ 183 రోజులకు మించకుండా ఉండి, జీతం ఇచ్చేది ఇండియా కంపెనీ అయి, ఆ జీతం ఖర్చు అక్కడి బ్రాంచి మీద పడకపోతే ఆ జీతానికి పన్ను ఇండియాలోనే. ఏడాది ఉంటే ఈ రక్షణ పోతుంది. అక్కడ మార్చి నెలాఖరులోగా రిటర్న్ వేయాలి, ఇక్కడా వేయాలి, అక్కడ కట్టినదాన్ని ఇక్కడ తగ్గించుకోవడానికి రసీదులు పట్టుకుని ఆడిటర్ చుట్టూ తిరగాలి. చేయొచ్చు, కాదనను. మీ జీతానికి ఆ తిప్పలు దండగ అని నా అభిప్రాయం.

కాబట్టి నా మాట వింటే జూన్ వద్దు, ఏడాదీ వద్దు. అక్టోబర్ 1న వెళ్లి మార్చి 25కల్లా వచ్చేయండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ 183 రోజులు, మీరు ఏ వాదనా లేకుండా ఇండియా రెసిడెంట్. అక్కడ మొత్తం 176 రోజులు, వీసా గడువులోపే, ఒప్పందం గీతలోపే. వాళ్ల ఒక్కో ఏడాదిలో చూస్తే 92 రోజులు, 84 రోజులు. కంపెనీ ఎప్పటిలాగే టీడీఎస్ కోస్తుంది, మీరు ఎప్పటిలాగే రిటర్న్ వేస్తారు. బ్యాంకాక్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. సరిగ్గా మన ఎండలు మొదలయ్యేసరికి తిరిగి రావడమే శిక్ష, దానికి మాత్రం నా దగ్గర సెక్షన్ లేదు.

ఫ్రెండ్ ఇంట్లో ఉన్నా సరే, మీరు దిగిన 24 గంటల్లో ఆ ఇంటి ఓనరు ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి. ఫ్రెండ్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోమనండి. వరసగా 90 రోజులు దాటితే మీరున్న అడ్రసు మీరే రిపోర్ట్ చేయాలి. విడిగా ఫ్లాట్ తీసుకుంటే రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్ అడగడం అక్కడ మామూలే. ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. అక్కడి రాజు, రాణి మీద ఫేస్‌బుక్‌లో సరదాకి కూడా కామెంట్ పెట్టకండి. వాళ్ల శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు.

ఇక చీనీ తోట. మీరు ఎక్కడున్నా వాటా ఎక్కడికీ పోదు. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు, నానమ్మ కూడా లేరంటే అమ్మ, మీరు, తమ్ముడు తలా మూడో వంతు. రేపెప్పుడైనా మీరు ఎన్నారై అయినా వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడమే కుదరదు. నాకు భయం వాటా గురించి కాదు, రెండేళ్లుగా పాసుపుస్తకం చనిపోయినవారి పేరు మీద ఉండటం గురించి. వెళ్లేలోపు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, అర్జీ ఇవ్వండి. రెవెన్యూవాళ్ల భూమి రికార్డు వన్‌బీలో మీ పేర్లు ఎక్కాయో లేదో కళ్లతో చూసుకోండి. పంపకం కూడా అయిపోవాలనుకుంటే ముగ్గురూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి భాగ పరిష్కారం రిజిస్టర్ చేయించుకోండి.

అది కుదరకపోతే తమ్ముడికో అమ్మకో పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే రిజిస్టర్ చేసి ఇవ్వండి. ఏయే పనులకో విడివిడిగా రాయించండి, అమ్మే అధికారం ఇవ్వకండి. అక్కడికి వెళ్లాక రాయాల్సి వస్తే బ్యాంకాక్‌లోని మన ఎంబసీలో సంతకం ధ్రువీకరించాలి. ఆ కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. గల్ఫ్‌లో ఉండే నా క్లయింటు ఒకాయన అంతా పద్ధతిగా చేసి పంపితే, వాళ్లమ్మ దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య ఏడు నెలలు భద్రంగా దాచింది. నా టేబుల్ మీదికి వచ్చేసరికి కర్పూరం వాసన తప్ప అందులో బలం లేదు. ఆయన మళ్లీ సెలవు పెట్టి, మళ్లీ ఎంబసీకి వెళ్లాడు.

మీ చిన్నాన్న కొడుకు విషయం మీ విషయం కంటే ముఖ్యం. పంపొద్దు. బ్యాంకాక్‌లో దిగాక కారులో రోజంతా తిప్పి, సరిహద్దు ఊరు మే సాట్ దగ్గర నది దాటించి, మయన్మార్‌లోని మ్యావాడీ ప్రాంతపు సైబర్ మోసాల అడ్డాల్లో పడేస్తున్నారు. థాయ్‌లాండ్ పేరుతో వచ్చే ఇలాంటి ఉద్యోగాల గురించి మన విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరించింది. 2025 మార్చిలో అలా చిక్కుకున్న 549 మందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. అక్కడ పోయింది డబ్బు. ఇక్కడ మనిషే ఇరుక్కుంటాడు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశాలకు మనుషుల్ని ఉద్యోగాలకు పంపడమే నేరం. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. కడపలోని ఆ పెద్దమనిషిని లైసెన్సు నంబరు అడగండి. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ సైట్‌లో కొట్టి చూడండి. ‘టూరిస్టుగా దిగు, అక్కడ వర్క్ పర్మిట్ చేయిస్తాం’ అన్నాడంటే ఇంక చూడాల్సిన పని కూడా లేదు. పాస్‌పోర్టు ఇప్పటికే అతని చేతిలో ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి తెచ్చుకోమనండి. ఇవ్వనంటే అక్కడి నుంచే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లమనండి.