2026 డ్రాఫ్ట్‌లో పైరేట్స్ ఐదో పిక్‌తో ఎవరిని తీసుకోవచ్చు? ఎలా అంచనా వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మన బేస్‌బాల్ టీమ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు 2026 డ్రాఫ్ట్‌లో (కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఐదో పిక్, అంటే ఐదో వంతు వచ్చింది, టీమ్‌లో సరిగ్గా కొట్టేవాళ్లు లేరు, కాబట్టి కాలేజీ నుంచి రెడీగా ఉన్న హిట్టర్‌ను తీసుకుంటారా, మాక్ డ్రాఫ్ట్‌లలో (ఎవరు ఎవర్ని తీసుకుంటారని ముందే రాసే అంచనాల్లో) తలా ఒక పేరు రాస్తున్నారు, ఎవర్ని నమ్మాలి అని.

హిట్టర్‌నే తీసుకుంటారని నేనూ అనుకుంటున్నాను. కానీ మీరు చెప్పిన కారణం వల్ల మాత్రం కాదు. నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, పెన్ హిల్స్ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ కూడా డ్రాఫ్ట్ గురించి వాదించుకునే బ్యాచ్ మాది. అక్కడ కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదట అనేది ఇదే, "మనకు ఫలానా పొజిషన్‌లో ఆటగాడు లేడు, వాణ్ని తీసుకోవాలి" అని. బేస్‌బాల్ డ్రాఫ్ట్ అలా పనిచేయదు. ఇవాళ తీసుకున్న కుర్రాడు పెద్ద టీమ్‌లోకి రావడానికి రెండేళ్లు పట్టొచ్చు, నాలుగేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. 2021లో తీసుకున్న పిచర్ (బంతి వేసేవాడు) బబ్బా చాండ్లర్ పైరేట్స్ సొంత మైదానం పీఎన్‌సీ పార్క్‌లో అడుగుపెట్టేసరికి 2025 ఆగస్టు అయింది. అప్పటికి టీమ్ అవసరాలు పూర్తిగా మారిపోయాయి. ఇవాళ్టి లోటును ట్రేడ్‌తోనో (వేరే టీమ్‌తో మార్పిడి), ఫ్రీ ఏజెంట్‌తోనో (ఒప్పందం ముగిసి ఖాళీగా ఉన్న ఆటగాడు) పూడ్చుకోవాలి. 2025-26 చలికాలంలో బ్రాండన్ లోవ్‌ను, రయాన్ ఓహర్న్‌ను తెచ్చుకున్నది అందుకే. డ్రాఫ్ట్‌లో చూసేది 2029లో ఎవరు ఎలా ఉంటారన్నది. పాల్ స్కీన్స్ లాంటివాడు, 2023 జూలైలో డ్రాఫ్ట్ అయి 2024 మే 11న పెద్ద టీమ్‌కు మొదటి బంతి వేసినవాడు, తరానికి ఒకడు దొరుకుతాడు. అతన్ని చూసి అందరూ అలాగే వస్తారని ఆశపెట్టుకోవద్దు.

ఇక అంచనా వేయాలంటే ఆటగాళ్ల ర్యాంకుల కన్నా ముందు డబ్బు లెక్క తెలియాలి. నా అనుభవంలో దీన్ని పట్టుకున్నవాళ్లకే డ్రాఫ్ట్ రోజు షాక్‌లు తక్కువ. మన ఐపీఎల్ వేలంలో ఆటగాడి మీద పది టీమ్‌లూ పాట పాడుకోవచ్చు, ఇక్కడ పాట ఉండదు, ఎవరి వంతులో వాళ్లు ఎంచుకోవడమే. కానీ లోపల డబ్బు బేరం మాత్రం గట్టిగా నడుస్తుంది. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కూ లీగ్ ఒక విలువ కట్టి ఉంచుతుంది, దాన్ని స్లాట్ అంటారు. ఒక టీమ్ పిక్‌లన్నిటి స్లాట్‌లూ కలిపితే వచ్చేది ఆ టీమ్ బోనస్ పూల్. ఆ పూల్‌ను ఎవరికెంత పంచాలన్నది టీమ్ ఇష్టం. మొదటివాడికి స్లాట్ కన్నా తక్కువ ఇచ్చి ఒప్పించగలిగితే, మిగిలింది కింది రౌండ్లలో గట్టి కుర్రాళ్లకు ఎక్కువిచ్చి లాక్కోవచ్చు. పూల్ దాటితే 5 శాతం వరకు పన్నుతో పోతుంది. 5 శాతం కూడా దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్కే పోతుంది, ఆ గీతను ఏ టీమూ ఇంతవరకు దాటలేదు. ఇంకొకటి, మొదటి పది రౌండ్లలో తీసుకున్న ఆటగాడు సంతకం చేయకపోతే అతని స్లాట్ డబ్బు పూల్‌లోంచి ఎగిరిపోతుంది. అందుకే ఎంత అడుగుతారో ముందే ఏజెంట్ల ద్వారా కనుక్కుని మరీ పేరు పిలుస్తారు.

దీనికి మన టీమే మంచి ఉదాహరణ. 2021లో పైరేట్స్‌కు మొదటి పిక్. అప్పుడు చాలా లిస్టుల్లో పైన ఉన్నది మార్సెలో మేయర్ అనే హైస్కూల్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్). వీళ్లు లూయివిల్ యూనివర్సిటీ క్యాచర్ హెన్రీ డేవిస్‌ను తీసుకున్నారు. స్లాట్ 84 లక్షల డాలర్లకు పైనే, డేవిస్‌కు ఇచ్చింది 65 లక్షలు. ఆ మిగులుతో ఆంథనీ సొలొమెటో, లానీ వైట్ జూనియర్, బబ్బా చాండ్లర్ అనే ముగ్గురు హైస్కూల్ కుర్రాళ్లకు స్లాట్‌కు మించి ఇచ్చారు. చాండ్లర్ అయితే క్లెమ్సన్‌లో ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌గా కూడా ఆడతానని మాట ఇచ్చి ఉన్నాడు, అతన్ని మూడో రౌండ్‌లో పిలిచి 30 లక్షల డాలర్లు ఇచ్చి ఇటు తిప్పుకున్నారు. డేవిస్ పెద్ద లీగ్‌లో బ్యాట్‌తో ఇంతవరకు నిలదొక్కుకోలేదు, ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆ డ్రాఫ్ట్‌ను డేవిస్ ఒక్కడితో తూచడం అన్యాయం. ఇవాళ స్కీన్స్ తర్వాత మనం ఎక్కువ ఆశ పెట్టుకున్న పిచర్ చాండ్లరే, అతను వచ్చింది డేవిస్ దగ్గర మిగిలిన డబ్బుతో. ఒక పిక్‌ను విడిగా చూడకండి, మొదటి మూడు నాలుగు పిక్‌లను కలిపి చూడండి.

2025 ఇంకా బాగా చెబుతుంది. మొదటి పిక్ వాషింగ్టన్ నేషనల్స్‌ది. లిస్టుల్లో ఈతన్ హాలిడే పేరు, లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఎడమచేతి పిచర్ కేడ్ ఆండర్సన్ పేరు తిరుగుతుంటే, వాళ్లు ఓక్లహోమా హైస్కూల్ షార్ట్‌స్టాప్ ఈలై విల్లిట్స్‌ను తీసుకున్నారు. వయసు 17. స్లాట్ కోటీ 10 లక్షల డాలర్లకు పైన, ఇచ్చింది 82 లక్షలు. రెండో పిక్‌లో ఏంజెల్స్ యూసీ శాంటా బార్బరా పిచర్ టైలర్ బ్రెమ్నర్ పేరు పిలిచారు. మా గదిలో ఎవరూ ఆ పేరు అనుకోలేదు. అక్కడా స్లాట్ కన్నా పాతిక లక్షల దాకా తక్కువకే ఒప్పందం. ఆ రెండు పిక్‌ల దెబ్బకు కింద అన్నీ తారుమారయ్యాయి, ఆరో పిక్‌కు పైరేట్స్ వంతు వచ్చేసరికి కాలిఫోర్నియాలోని కరోనా హైస్కూల్ పిచర్ సేత్ హెర్నాండెజ్ ఇంకా మిగిలే ఉన్నాడు. మీరన్నట్టు అవసరం చూసి తీసుకునేవాళ్లే అయితే, పిచర్లు పుష్కలంగా ఉన్న టీమ్ అప్పుడు ఇంకో పిచర్‌ను ముట్టుకునేదే కాదు. ముట్టుకున్నారు.

ఇప్పుడు మన ఐదో పిక్ సంగతి. ముందు లాటరీ రూల్ ఒకటి చెప్పాలి, మాక్‌లు రాసేవాళ్లు దీన్ని ఎక్కువగా ప్రస్తావించరు గానీ నా దృష్టిలో చాలా ముఖ్యం. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు పిక్‌లు లాటరీతో వస్తున్నాయి. పెద్ద టీమ్‌ల ఆదాయంలో వాటా అందుకునే మనలాంటి టీమ్‌కు వరుసగా రెండేళ్లకు మించి లాటరీ పిక్ ఇవ్వరు, మూడో ఏడాది ఎంత ఘోరంగా ఓడినా పదో స్థానం కన్నా పైకి రాలేదు. కొలరాడో రాకీస్ 2025లో 119 మ్యాచ్‌లు ఓడిపోయి కూడా ఈసారి పదో పిక్‌తో సరిపెట్టుకుంటున్నది ఇందుకే. మనకు 2025లో ఆరో పిక్, 2026లో ఐదో పిక్. అంటే ఈ రూల్ ఇలాగే ఉంటే 2027లో పైన దక్కదు. లీగ్‌కూ ఆటగాళ్ల యూనియన్‌కూ ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది కాబట్టి రూల్స్ మారినా మారొచ్చు, కానీ ఫ్రంట్ ఆఫీస్ (ఆటగాళ్లను ఎంచుకునే టీమ్ యాజమాన్యం) దాన్ని నమ్ముకుని కూర్చోదు. ఇది కొన్నేళ్లపాటు వాళ్లకు దొరికే ఆఖరి పెద్ద పిక్ అనుకునే ఆలోచిస్తారు. అలాంటప్పుడు సేఫ్‌గా వెళ్లడం కన్నా, ఎంత ఎత్తుకు ఎదుగుతాడు అన్నదే చూస్తారని నా నమ్మకం.

బెన్ చెరింగ్టన్ జనరల్ మేనేజర్‌గా వచ్చాక చేసిన మొదటి పిక్‌లు వరుసగా చూడండి. 2020లో నిక్ గొన్జాలెస్, 2021లో డేవిస్, ఇద్దరూ కాలేజీ ఆటగాళ్లే. 2022లో అట్లాంటా హైస్కూల్ కుర్రాడు టెర్మార్ జాన్సన్. 2023లో స్కీన్స్. 2024లో తొమ్మిదో పిక్‌తో మిసిసిపీ హైస్కూల్ నుంచి కానర్ గ్రిఫిన్, 2025లో హెర్నాండెజ్. అంటే గత నాలుగింట్లో మూడు హైస్కూల్. గ్రిఫిన్ బ్యాటింగ్ మీద అప్పట్లో చాలామందికి అనుమానాలు ఉండేవి, అంత వేగం, అంత బలం ఉన్నా బంతిని సరిగ్గా అందుకోగలడా అని. అతను 2025లో మైనర్ లీగుల్లో (పెద్ద టీమ్‌కు ముందు కుర్రాళ్లు ఆడే కింది లీగులు) మూడు స్థాయిలు ఎక్కుతూ .333 బ్యాటింగ్ సగటు, 21 హోమ్ రన్‌లు, 65 స్టీల్స్ (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ అందుకోవడం) చేశాడు. సీజన్ చివర్లో అల్టూనాలో ఆడుతున్నప్పుడు మేం కారేసుకుని వెళ్లి చూశాం. 19 ఏళ్ల కుర్రాడు తనకన్నా మూడు నాలుగేళ్లు పెద్దవాళ్ల మధ్య ఆడుతున్నా, మైదానంలో మొదట కళ్లు వెళ్లేది అతని మీదకే. అలాంటి ఫలితం చూసిన ఫ్రంట్ ఆఫీస్ మళ్లీ అదే దారిలో వెళ్లాలనుకోవడం సహజం.

పేర్ల విషయానికొస్తే, ఇది 2026 కాలేజీ సీజన్ మొదలవక ముందు రాస్తున్నది, ఫిబ్రవరి నుంచి అన్నీ కదులుతాయి, అది గుర్తుంచుకుని చదవండి. యూసీఎల్‌ఏ షార్ట్‌స్టాప్ రాక్ చొలౌస్కీ మన దాకా రాడు, మొదటి పిక్ ఉన్న వైట్ సాక్స్ వదిలేయాలంటే ఏదో పెద్ద కారణమే ఉండాలి. టెక్సస్ హైస్కూల్ షార్ట్‌స్టాప్ గ్రేడీ ఎమర్సన్ బ్యాటింగ్ నాకు ఈ బ్యాచ్ కుర్రాళ్లందరిలో ఎక్కువ నచ్చింది, కానీ మనకు ముందు రేస్, ట్విన్స్, జయంట్స్ టీమ్‌లు కూడా ఉన్నాయి, మిగలడం కష్టం. అలబామా యూనివర్సిటీ షార్ట్‌స్టాప్ జస్టిన్ లెబ్రాన్ ఫీల్డింగ్ చూస్తే కళ్లు తిప్పుకోలేం, బంతి మిస్సయ్యే అలవాటు ఈ సీజన్‌లో తగ్గుతుందా అన్నదే ప్రశ్న. జార్జియా టెక్ సెంటర్ ఫీల్డర్ డ్రూ బరెస్ పొట్టివాడు గానీ మొదటి ఏడాదే 25 హోమ్ రన్‌లు కొట్టాడు, మీరు అడిగిన "రెడీగా ఉన్న కాలేజీ హిట్టర్" అంటే అతనే. మయామీ హైస్కూల్ షార్ట్‌స్టాప్ జేకబ్ లాంబార్డ్ తండ్రి మేజర్ లీగ్‌లో ఆడినవాడు, అన్న 2023లో యాంకీస్ మొదటి రౌండ్ పిక్. పిచర్లలో యూసీ శాంటా బార్బరా జాక్సన్ ఫ్లోరా పేరు ఎక్కువ వినిపిస్తోంది.

గ్రిఫిన్ ఉండగా ఇంకో షార్ట్‌స్టాప్ ఎందుకు అంటారేమో. ఆ వయసులో మంచి అథ్లెట్ ఎవరైనా షార్ట్‌స్టాప్‌లోనే ఆడతాడు, తర్వాత సెకండ్ బేస్‌కో, థర్డ్ బేస్‌కో, అవుట్‌ఫీల్డ్‌కో పంపుకోవచ్చు. అక్కడినుంచి బయటికి పంపడం తేలిక, బయటినుంచి అక్కడికి తేవడం దాదాపు కుదరదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన పేరు ఒకటుంది, అర్జున్ నిమ్మల. భారత్ నుంచి వచ్చి ఫ్లోరిడాలో స్థిరపడిన తల్లిదండ్రుల కొడుకు, డోవర్‌లోని స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ షార్ట్‌స్టాప్, 2023లో టొరాంటో బ్లూ జేస్ 20వ పిక్‌తో తీసుకున్నారు. అతని పేరు పిలిచినప్పుడు మా గ్రూప్‌లో జరిగిన సందడి స్కీన్స్ పేరు పిలిచినప్పటి కన్నా ఏమీ తక్కువ కాదు! డ్రాఫ్ట్ రోజుకు అతనికి 17 ఏళ్లే, ఆ ఏడాది మొత్తంలో చిన్నవాళ్లలో ఒకడు. మీరు కుర్రాళ్ల వివరాలు చదివేటప్పుడు పుట్టినతేదీ తప్పకుండా చూడండి, ఒకే ప్రతిభ ఉన్న ఇద్దరిలో చిన్నవాడికే టీమ్‌లు ఎక్కువ విలువ ఇస్తాయి, విల్లిట్స్ విషయంలోనూ అది పనిచేసింది. అన్నట్టు, 2008లో రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లను పైరేట్స్ తీసుకున్నది డ్రాఫ్ట్‌లో కాదు, డ్రాఫ్ట్ అమెరికా, కెనడా, ప్యూర్టోరికో కుర్రాళ్లకే.

మాక్ డ్రాఫ్ట్‌ల విషయంలో నేను చేసేది చెబుతాను. ఇప్పుడొచ్చేవాటిని ఆటగాళ్ల గురించి తెలుసుకోవడానికి మాత్రమే చదువుతాను, టీమ్ పక్కన ఏ పేరు రాశారో పట్టించుకోను. జూన్ చివరి నుంచి టీమ్‌ల పేర్లు పట్టించుకుంటాను, ఎందుకంటే అప్పటికి రాసేవాళ్లకు స్కౌట్‌లు, ఏజెంట్లు సమాచారం ఇస్తుంటారు. "ఫలానా టీమ్ ఫలానా కుర్రాడితో తక్కువ మొత్తానికి మాట్లాడుతోంది" అన్న వాక్యం ఇద్దరు ముగ్గురి రాతల్లో కనబడితే దాన్ని గట్టిగా పట్టుకోండి. ఒక్కచోటే కనబడితే వదిలేయండి, బేరం పెంచడానికి ఏజెంటే వదిలిన మాట కావచ్చు. మెడికల్ రిపోర్ట్‌ల సంగతి మాత్రం బయటివాళ్లం ఎవరం పసిగట్టలేం. తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్‌ను 2021లో మెట్స్ పదో పిక్‌తో తీసుకుని, 60 లక్షల డాలర్లకు మాట కుదిరాక, వైద్య పరీక్షల తర్వాత సంతకమే చేయించుకోలేదు. మరుసటి ఏడాది అతనే రేంజర్స్‌కు మూడో పిక్.

ఇప్పటికి నా అంచనా: ఎమర్సన్ మిగిలితే రెండో ఆలోచన లేకుండా అతనే. మిగలకపోతే లాంబార్డ్, అదీ స్లాట్ కన్నా కొంచెం తక్కువకు ఒప్పుకుంటే, ఆ మిగులుతో రెండో రౌండ్‌లో ఒక హైస్కూల్ పిచర్. లెబ్రాన్ మార్చి, ఏప్రిల్‌లలో స్ట్రైకవుట్లు (బంతులు మిస్సయి అవుటవడం) బాగా తగ్గించుకుంటే లాంబార్డ్ స్థానంలో అతని పేరు పెడతాను. బరెస్‌కు నేనిచ్చే అవకాశం తక్కువే, మీ మనసు అతని మీద ఉందని తెలిసినా.