టెక్ సందేహాలు: కారు బ్యాటరీకి ఐదేళ్లని ఎవరు చెప్పారు?

రోహిణి కార్తె వెళ్లి నెల తిరగలేదు, మెయిల్ నిండా ఒకటే గోల. ఫోన్ వేడెక్కుతోందన్నవాళ్ల కంటే కారు సెల్ఫ్ అందుకోవట్లేదన్నవాళ్లే ఎక్కువ. ఇది టెక్ శీర్షికా, ఆటోనగర్ షెడ్డా అని మా ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. ఇప్పుడు కారంటే నాలుగు చక్రాల మీద కూర్చోబెట్టిన కంప్యూటరే కాబట్టి రెండూ ఒకటే అనుకుని ఈ వారం బ్యాటరీలకే ఇచ్చేస్తున్నాను.

*గుంటూరు, బ్రాడీపేట నుంచి: "కారు కొని మూడేళ్ల నాలుగు నెలలైంది. పిల్లల స్కూలుకీ కూరగాయలకీ తప్ప బయటికి తీయం. అంత జాగ్రత్తగా వాడినా మొన్న పొద్దున సెల్ఫ్ కొడితే టకటకమని ఆగిపోయింది. బ్యాటరీకి ఐదేళ్లు ఢోకా లేదని అమ్మినప్పుడు చెప్పారు. మోసపోయామా?"*

లేదండీ. జాగ్రత్తగా దాచుకున్నారు కాబట్టే పోయింది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీ నుంచి ఒక్కసారిగా బోలెడు కరెంటు పోతుంది. దాన్ని ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తిరిగి నింపాలంటే బండి కాసేపు పరుగెత్తాలి. మీ స్కూలు రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లలోనే ఏసీ, లైట్లు, పాటలు. తీసుకున్నది తిరిగి పడకముందే బండి ఆపేస్తారు. అలా ఎప్పుడూ అరకడుపుతో ఉన్న బ్యాటరీలో సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది. గట్టిపడిన మేర పలక పనికిరానట్టే. వారానికోసారి మంగళగిరి దాకా వెళ్లి నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని రండి. పుణ్యం సంగతి నాకు తెలియదు గానీ బ్యాటరీకి మాత్రం మంచిది.

ఇక ఆ ఐదేళ్ల లెక్క చల్లటి ఊళ్లది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన నాటి నుంచి ఈ సీసం, ఆమ్లం బ్యాటరీ స్వభావం మారలేదు: వేడంటే దానికి గిట్టదు. వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయనిక చర్య దాదాపు రెట్టింపవుతుందనీ, ఆ మేరకు ఆయుష్షు తరుగుతుందనీ ఈ రంగంలో మోటు లెక్క ఒకటుంది. మే నెలలో బయటే 44, 45 డిగ్రీలున్నప్పుడు, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన కారు బానెట్ కింద ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. మన దగ్గర మూడు నుంచి నాలుగేళ్లు వస్తే అది నిండు జీవితమే. ఐదేళ్లు వచ్చినవాళ్లున్నారు, వాళ్లకు నీడపట్టున పార్కింగ్ ఉంది. ఇంకో తిరకాసు. ఎండ చంపిన బ్యాటరీ ఎండాకాలంలోనే పోవాలని లేదు. వేడికి లోపల గుల్లయిపోయి, డిసెంబరులో ఓ చలి పొద్దున నిలువునా కూలబడుతుంది. అందుకే నింద చలి మీద పడుతుంది.

మరి ఎప్పుడు మార్చాలి? మూడేళ్లు దాటాక ఆరునెలలకోసారి పరీక్ష చేయించండి. రాత్రంతా ఆగిన బండికి, పొద్దున డోరు తీసి లైట్లు వెలగకముందే మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులుండాలి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. రాత్రంతా ఛార్జింగ్ పెట్టాక కూడా మర్నాటికి 12.4 దాటకపోతే కొత్తదానికి డబ్బు సిద్ధం చేసుకోండి. బ్యాటరీ మీద పచ్చగా వెలిగే కన్ను చూసి ధైర్యంగా ఉండేవాళ్లకు ఒక మాట: లోపల ఆరు గదులుంటే ఆ కన్ను చూసేది ఒక్క గదినే. మిగతా ఐదింటి సంగతి దానికేం తెలుసు?

వోల్టులు కూడా పూర్తి నిజం చెప్పవు. పోయినేడు నా బండికే జరిగింది. మీటరులో 12.5 చూసుకుని, అంతా బాగుందన్న ధీమాతో ఆటోనగర్ వెళ్లాను. అక్కడి పెద్దమెకానిక్ ఏమీ మాట్లాడకుండా, బ్యాటరీ మీద బరువు మోపి చూసే లోడ్ టెస్టర్ క్లిప్పులు తగిలించి మీట నొక్కాడు. పెట్టెలో తీగచుట్ట ఎర్రబడింది, కాలిన దుమ్ము వాసన వచ్చింది, ముల్లు 12 మీద నుంచి జారి 9 కిందకు పోయింది. "నిలబెడితే నిలబడతాడు సార్, బస్తా ఎత్తమంటేనే కూలబడతాడు" అన్నాడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 9.6 కిందికి దిగకూడదన్న సూత్రాన్ని ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

కొత్తది కొనేటప్పుడు వారంటీ కార్డు కంటే ముందు తయారీ నెల చూడండి. బ్యాటరీ షాపులో కూర్చుని కూడా ముసలిదవుతుంది. మొదట నాకు తెచ్చిచ్చినది తొమ్మిది నెలల కిందటిది, దాని మీద దుమ్ము తుడిచిన గుడ్డ గుర్తులింకా ఉన్నాయి. మూడు నెలల్లోపుది తెప్పించమంటే లోపలినుంచి తెచ్చారు. అడక్కపోతే ఆ పాతదే నా బండికెక్కేది. ఇక వారంటీలో "24+24" అని రాసుంటే నాలుగేళ్లూ ఉచితమని మురిసిపోకండి. మొదటి 24 నెలలే ఉచిత మార్పిడి. తర్వాతి 24 నెలల్లో వాడిన కాలానికి డబ్బు కోసుకుని మిగతాది తగ్గిస్తారు.

*విజయవాడ, భవానీపురం నుంచి: "బ్యాటరీ పరిస్థితి ముందే తెలుస్తుందని స్టీరింగ్ కింద గుచ్చే చిన్న బ్లూటూత్ పరికరం ఆన్‌లైన్‌లో కొన్నాను. ఎప్పుడూ అక్కడే ఉంచేస్తాను. ఫోన్ యాప్‌లో రోజూ 12.1 చూపిస్తోంది. మార్చేయాలా?"*

మార్చాల్సింది ముందు ఆ అలవాటును. ఇగ్నిషన్ వేసి, లైట్లూ ఫ్యానూ తిరుగుతుండగా చదివిన అంకె అది. విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ అంకె కాదు. పైగా రోగం చూడ్డానికి వచ్చిన వైద్యుడే రోగి రక్తం తాగుతున్నాడు. ఆ పరికరం 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. బండి నిద్రలో ఉన్నా దాని సొంత ఖర్చు ఇంకో 50 దాకా ఉండొచ్చు. రెండూ కలిపి రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారానికే సగమవుతుంది. మీరు తిరుపతి వెళ్లి, అటునుంచటు అత్తగారింట్లో నాలుగు రోజులుండి వచ్చేసరికి బండి లేవదు.

నన్ను భయపెట్టేది బ్యాటరీ కాదు. మీరు దాన్ని గుచ్చిన సాకెట్టు ఓబీడీ పోర్టు. మెకానిక్ స్కానర్ పెట్టడానికి ఉన్న తలుపు అది. చాలా బండ్లలో ఆ తలుపు నేరుగా ఇంజన్, బ్రేకుల కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల మీదికే తెరుచుకుంటుంది. చవకరకం పరికరాల బ్లూటూత్ పిన్ 1234, కాకపోతే 0000. మార్చుకునే వీలు కూడా ఉండదు. అపార్ట్‌మెంటు సెల్లారులో మీ బండి పక్కన నిలబడ్డ ఎవరైనా జత చేసుకోవచ్చు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికి మేకు కొట్టి వేలాడదీసినట్టుంది. ఇది నా ఊహ కాదు. 2015లో అమెరికాలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇలాంటి పోర్టులో గుచ్చిన సిమ్ ఉన్న పరికరానికి మెసేజీలు పంపి ఒక కారు వైపర్లు తిప్పారు, నెమ్మదిగా పోతున్నప్పుడు బ్రేకులు వేశారు, పనిచేయకుండా ఆపారు కూడా. మీ పరికరంలో సిమ్ లేదు కాబట్టి దూరం నుంచి కుదరదు. పక్క పార్కింగ్ నుంచి ఎందుకు కుదరదు?

దాని యాప్ సంగతి ఇంకో కథ. వోల్టులు చూపించడానికి మీరెక్కడున్నారో తెలియాలా? పాత ఆండ్రాయిడ్‌లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది, నిజమే. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి "నియర్‌బై డివైజెస్" అని విడిగా అనుమతి ఉంది. మీ ఫోన్ అంతకంటే కొత్తదై, యాప్ ఇప్పటికీ లొకేషన్ ఇస్తేనే పనిచేస్తానని మొండికేస్తుంటే దానికి కావాల్సింది మీ బ్యాటరీ కాదు, మీ దినచర్య. ఎన్నింటికి ఇల్లు వదులుతారు, బండి ఎక్కడ ఎంతసేపు ఆగుతుంది, ఇంట్లో ఎప్పుడు ఎవరూ ఉండరు, ఇవన్నీ. యాప్ తీసేయండి, పరికరం పీకి డ్రాయర్లో పడేయండి, అవసరమైన రోజున గుచ్చుకోండి. ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. దానికి పాస్‌వర్డ్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు, అప్‌డేట్ అసలే ఉండదు.

ఈ పరికరాలు ఎందుకు అమ్ముడవుతున్నాయో తెలుసా? పది అంగుళాల తెర పెట్టి, రంగురంగుల లైట్లు మార్చుకోమని, మాట్లాడితే సన్‌రూఫ్ తెరుస్తానని చెప్పే కార్లలో చాలావాటికి బ్యాటరీ వోల్టేజి చూపించే ఒక్క పేజీ లేదు. ఆ అంకె లోపలి కంప్యూటర్‌కి తెలుసు. చెప్పదు. బ్యాటరీకి ఛార్జింగ్ అందడం ఆగిపోయాక మాత్రం ఎర్ర దీపం వెలిగిస్తుంది.

*విజయవాడ, పటమట నుంచి: "సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తనే ఆగి మళ్లీ స్టార్టయ్యే కారు. దీనికి మామూలు బ్యాటరీ సగం ధరకే వేస్తానంటున్నాడు మెకానిక్."*

వద్దు. ఆ బండికి రోజుకు పదులసార్లు సెల్ఫ్ కొట్టినా తట్టుకునేలా చేసిన ఏజీఎం రకం బ్యాటరీ గానీ ఈఎఫ్‌బీ రకం గానీ ఉండాలి. పాతదాని మీద ఏ రకమని రాసుందో అదే వేయించండి. కొన్ని బండ్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి స్కానర్‌తో కంప్యూటర్‌కి చెప్పాలి. మీ మెకానిక్‌కి ఆ సంగతి తెలుసో లేదో ముందే అడగండి.

*మంగళగిరి నుంచి: "ఎలక్ట్రిక్ కారు. ఛార్జింగ్ 80 శాతం ఉంది. అయినా బండి ఆన్ కాలేదు, తాళం కూడా తీయలేదు. కొత్త అప్‌డేట్ వచ్చిన వారానికే ఇలా. పెద్ద బ్యాటరీ పోయిందేమోనని నిద్ర పట్టట్లేదు."*

నిద్రపోండి. పోయింది పెద్దది కాదు. మీ కారులోనూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. తాళాలు, లైట్లు, కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చు పడాలన్నా ఈ చిన్నదే కరెంటివ్వాలి. కొట్టు నిండా ధాన్యం ఉంది, తాళంచెవి ఉన్న మనిషి లేవట్లేదు, అంతే. ఎనిమిదేళ్లు, 1.6 లక్షల కిలోమీటర్లని గొప్పగా చెప్పే వారంటీ ఆ ధాన్యానికి. ఈ మనిషికి విడిగా ఎంతిచ్చారో మీ కాగితాల్లో చూసుకోండి.

అప్‌డేట్ మీద మీ అనుమానం కొట్టిపారేయలేను. ఆపిన బండి నిద్రపోవాలి. ఏదో సాఫ్ట్‌వేర్ ముక్క సర్వర్‌తో కబుర్లు చెబుతూ దాన్ని మేలుకొలుపుతూ ఉంటే చిన్న బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. ఫోన్లో ఇలాంటి తప్పు జరిగితే ఛార్జర్ పెట్టుకుంటాం, కారులో జరిగితే రోడ్డు మీద నిలబడతాం. పూర్తిగా పరీక్షించకుండా జనం బండ్ల మీదికి అప్‌డేట్లు వదలడం నాకు ఒళ్లు మంటెక్కించే విషయం. అయితే మీరూ ఒకటి చెప్పండి: రోజుకెన్నిసార్లు యాప్ తెరిచి ఛార్జింగ్ ఎంతుందో చూస్తారు? మీరు చూసిన ప్రతిసారీ సెల్లారులో ఉన్న బండి ఉలిక్కిపడి లేస్తుంది. వారంపాటు ఆ పని మానేసి, మళ్లీ డౌన్ అయితే సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నోటిమాటగా చెబితే "రీసెట్ చేశాం సార్" అని పంపేస్తారు.

*గుంటూరు, అరండల్‌పేట నుంచి: "తీసేసిన కారు బ్యాటరీని ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టుకోవచ్చా?"*

కారు బ్యాటరీ పలకలు పలచన, ఒక్క ఊపున కరెంటు ఇవ్వడానికి. ఇన్వర్టర్‌కి గంటల తరబడి నెమ్మదిగా ఇచ్చే మందపాటి పలకలు కావాలి. కొత్త కారు బ్యాటరీయే ఆ పనికి పెడితే త్వరగా మూలపడుతుంది, ఇక ముసలిది ఏం చేస్తుంది? ఛార్జవుతూ హైడ్రోజన్ వదులుతుంది కూడా, దాన్ని మంచం పక్కన పెట్టుకోకండి. కొత్తది కొన్న షాపులోనే పాతది ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చేసి, ఎంత తగ్గించారో బిల్లులో రాయించుకోండి.